కండెమ్ చేసే ముందు ఒక్కసారి పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి

హనుమకొండ, వరంగల్ జిల్లాల కలెక్టర్లకు, జిల్లా విద్యాశాఖాధికారులకు, సంక్షేమ వసతి గృహాల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

నేను హనుమకొండలో పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్ల మరమ్మతు దుకాణం నడుపుకొంటున్నాను. అన్న ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్ చెల్లెలు డిగ్రీకి వచ్చేసరికి నడవకుండా పోతుంది. దాన్ని సంచిలో పెట్టుకొని నర్సంపేట నుంచో, పరకాల నుంచో, వర్ధన్నపేట నుంచో బస్సెక్కి నా దగ్గరికి తెస్తారు. అలాంటివాటిని మళ్లీ నడిపించి పంపడమే నా పని. ఈ లేఖ మాత్రం నా దుకాణానికి రాని కంప్యూటర్ల గురించి రాస్తున్నాను. మన ప్రభుత్వ బడుల్లో, వసతి గృహాల్లో, చిన్న చిన్న కార్యాలయాల్లో గుడ్డ కప్పి, గదికి తాళం వేసి ఉంచిన కంప్యూటర్లు నా పని మీద తిరిగిన ప్రతిచోటా కనిపించాయి. వాటిలో చాలావరకు చెడిపోయినవి కావు. వాటిలో ఉన్న విండోస్‌కు కాలం చెల్లింది, అంతే.

నా విన్నపాన్ని ముందే చెప్పేస్తాను. ఏ కంప్యూటర్‌నైనా పనికిరాదని రాసి కండెమ్ చేసే ముందు దాని మీద లైనక్స్ (విండోస్‌కు బదులుగా ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్) నడుస్తుందో లేదో చూడాలని ఒక నియమం పెట్టండి. నడిస్తే, దాన్ని ఎక్కించుకొనే అధికారం ప్రధానోపాధ్యాయులకూ వార్డెన్లకూ ఉందని రాతపూర్వకంగా ప్రొసీడింగ్స్ ఇవ్వండి. ఈ రెండింటిలో రెండోదే అసలైనదని నాకు ఎందుకు అనిపించిందో చెప్పాలంటే, నిరుడు వానాకాలంలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

ఒక మండలంలోని ఉన్నత పాఠశాలకు ప్రొజెక్టర్ బాగుచేయడానికి వెళ్లాను. ఆ పని అయ్యాక, కంప్యూటర్ గది కూడా ఒకసారి చూస్తారా అని గణితం సారు అడిగారు. తాళం తీయడానికి మూడు తాళంచెవులు మార్చి చూడాల్సి వచ్చింది. లోపల పది కంప్యూటర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కో సీపీయూ మీద తెల్ల పెయింటుతో స్టాక్ రిజిస్టర్ నంబరు రాసి ఉంది. మానిటర్ల మీది గుడ్డలు పిల్లల యూనిఫారం రంగులోనే ఉన్నాయి, మిగిలిపోయిన బట్టతో కుట్టించారట. ఒకదాన్ని ఆన్ చేస్తే ఫ్యాను తిరిగింది, తెర వచ్చింది, మూలన తేదీ మాత్రం 2009 జనవరి 1 అని చూపించింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది అయిపోతే గడియారం ఇలాగే వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉన్న కంప్యూటర్‌లో వెబ్‌సైట్లు తెరుచుకోవు, ఎందుకంటే సైటు చూపించే భద్రతా ధ్రువపత్రం ఇంకా అమల్లోకే రాలేదని బ్రౌజర్ అనుకుంటుంది. 'నెట్ రావడం లేదు' అని ఆ బడిలో అందరూ వదిలేసిన కంప్యూటర్ అదే. ఆ బ్యాటరీ మా దగ్గర యాభై రూపాయల లోపే దొరుకుతుంది.

మిగతా తొమ్మిదింటిలో ఏడు ఆన్ అయ్యాయి. అన్నీ 2 జీబీ ర్యామ్ ఉన్నవే, అన్నింటిలోనూ విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఇవ్వడం 2020 జనవరి 14తో ఆగిపోయింది. గూగుల్ క్రోమ్ 109వ వెర్షన్ తరవాత విండోస్ 7 కోసం కొత్త వెర్షన్లు రాలేదు, అదీ 2023 మొదట్లోనే. అంటే ఆ గదిలో పిల్లలను కూర్చోబెట్టినా, ఇవాళ్టి వెబ్‌సైట్లలో కొన్ని సరిగ్గా రావు, వచ్చినవి కూడా భద్రం కాదు. పైగా అన్నింటికీ పెన్‌డ్రైవ్ వైరస్ పట్టి ఉంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే ఆ జబ్బు మన జిరాక్స్ సెంటర్లకు వెళ్లే ప్రతి ఉపాధ్యాయుడికీ తెలిసిందే.

నా సంచిలో ఎప్పుడూ లైనక్స్ మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి ఉంటుంది. కంప్యూటర్‌లోని డిస్కును ముట్టుకోకుండా, ఏదీ ఎక్కించకుండా, పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్‌ను నడిపి చూడొచ్చు. దీన్ని మేం లైవ్ అంటాం. ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కి, పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే చాలు. కొన్ని కంపెనీల వాటిలో ఆ మీట వేరేగా ఉంటుంది. నాలుగైదు నిమిషాల్లో తెర వచ్చింది. నా ఫోన్‌ను కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి, ఫైర్‌ఫాక్స్‌లో టీ-శాట్ పాఠం ఒకటి పెట్టాను. బొమ్మ మరీ స్పష్టంగా లేదు గానీ ఆగకుండా నడిచింది. గణితం సారు వెళ్లి ప్రధానోపాధ్యాయురాలిని పిలుచుకొచ్చారు. ఆమె నిలబడే పదిహేను నిమిషాలు చూశారు. ప్రింటర్ పనిచేస్తుందా, తెలుగు ఎలా టైపు చేయాలి అని అడిగారు. తరవాత మెల్లగా అన్నారు: "బాగానే ఉంది సార్. కానీ ఇవి రిజిస్టర్‌లో విండోస్ కంప్యూటర్లు అని ఉన్నయి. లోపల ఉన్నది తీసేసి ఇంకోటి వేస్తే, రేపు ఆడిట్‌కు వచ్చినోళ్లకు జవాబు చెప్పాల్సింది నేను. ఏమన్నా అయితే అప్పుడు మీరు ఉండరు కదా."

నేను పెన్‌డ్రైవ్ తీసేశాను. మళ్లీ గుడ్డలు కప్పి, తాళం వేసి బయటికి వచ్చాం.

ఆమె మాటలో తప్పేమీ లేదు. తాళం వేసి ఉంచిన కంప్యూటర్ గురించి ఆమెను ఎవరూ అడగరు. నడిపిస్తూ ఉండగా చెడిపోతే మాత్రం అడుగుతారు. ఏ బాధ్యతాయుతమైన ఉద్యోగి అయినా ఆ పరిస్థితిలో తాళమే వేస్తారు. ఆ గదికీ పిల్లలకూ మధ్య అడ్డుగా ఉన్నది పరిజ్ఞానం కాదు, డబ్బు కూడా పెద్దగా కాదు, ఆమె చేతిలో లేని ఒక్క కాగితం. ఆ కాగితం ఇవ్వగలిగినది మీరు మాత్రమే కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను.

ఈ పని ఇప్పుడే ఎందుకు కావాలంటే, విండోస్ 7 గదుల వెనకే విండోస్ 10 గదులు వరుసలో ఉన్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. సంస్థలు డబ్బు కట్టి మరికొంతకాలం సవరణలు తెచ్చుకొనే దారి ఉందన్నది నిజమే గానీ, అది గడువు పెంచుకోవడమే తప్ప పరిష్కారం కాదు. విండోస్ 11కు మారదామంటే దానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా ఇంటెల్‌లో అయితే స్థూలంగా ఎనిమిదో తరం లేదా తరవాతిది కావాలి. ఆ తరం 2017లో వచ్చింది. అంతకు ముందు కొన్న కంప్యూటర్ ఎంత చక్కగా నడుస్తున్నా అర్హత లేనిదే అవుతుంది. మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లు నా బల్ల మీదికి వారానికి ఎన్నో వస్తుంటాయి. పిల్లవాడు రాసుకోవడానికి, చదువుకోవడానికి, పైథాన్ నేర్చుకోవడానికి అంతకన్నా ఏం కావాలో నాకైతే తెలియదు.

లైనక్స్ అనగానే అది ఇంజనీర్లకే అన్న భయం ఉంటుంది కాబట్టి దాని గురించి రెండు మాటలు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి రాయడం మొదలుపెట్టిన కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం, అది. అందరి చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ అదే. దాని చుట్టూ మిగతా హంగులన్నీ చేర్చి, వాడుకోవడానికి సిద్ధంగా ఇచ్చే వాటిని డిస్ట్రోలు అంటారు. పాత కంప్యూటర్లకు నేను ఎక్కువగా వేసేది లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు ఉంటే అది ఎక్కుతుంది, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. 22వ వెర్షన్‌కు 2029 దాకా సవరణలు వస్తాయి. అంతకన్నా తేలిక కావాలంటే లుబుంటు ఉంది. మరీ పాత 32 బిట్ యంత్రాలకు మాత్రం దారులు మూసుకుపోతున్నాయి. డెబియన్ అనే డిస్ట్రోలో 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్ వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. కాబట్టి పెంటియం 4 కాలం నాటి వాటిని కండెమ్ చేస్తే నాకు అభ్యంతరం లేదు. 2006 తరవాతి కోర్ 2 డ్యుయో నుంచి మొదలుపెట్టి పైవన్నీ 64 బిట్‌వే, వాటిని మాత్రం తొందరపడి తీసేయవద్దు.

సాఫ్ట్‌వేర్ ఒక్కటే మారిస్తే సగం పనే అవుతుందని కూడా చెప్పాలి. పాత హార్డ్ డిస్క్ తీసి, దాని బదులు తిరిగే భాగాలు లేకుండా వేగంగా పనిచేసే 120 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టినప్పుడు వచ్చే తేడా ర్యామ్ పెంచినా రాదు. మూడు నిమిషాలు పట్టే స్టార్టింగ్ అరనిమిషంలో అయిపోతుంది. లోపల దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చాలి. గడియారం బ్యాటరీ మార్చాలి. ఒకటి రెండు కంప్యూటర్లు నడవనివి ఉంటే వాటి ర్యామ్ తీసి పక్కదానికి వేయొచ్చు, ఒకే రకం పది ఉన్న గదిలో ఇది మంచి వెసులుబాటు. పది కంప్యూటర్ల గదికి ఇవన్నీ కలిపి అయ్యే ఖర్చు కొత్త పది కొనే ఖర్చులో చిన్న వంతు. సమగ్ర శిక్ష కింద బడులకు వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ నుంచి ఈ ఖర్చు పెట్టుకోవచ్చని మీ ప్రొసీడింగ్స్‌లోనే ఒక వాక్యం ఉంటే, ప్రధానోపాధ్యాయులు మళ్లీ వేరే అనుమతి కోసం తిరగనక్కర ఉండదు.

ఇందులో మనం కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. కేరళ 2001లో ఐటీ@స్కూల్ ప్రాజెక్టు మొదలుపెట్టి, కొన్నేళ్లలోనే బడుల కంప్యూటర్లను పూర్తిగా లైనక్స్ మీదికి మార్చింది. 2017లో ఆ ప్రాజెక్టే కైట్ అనే సంస్థగా మారింది, తమ పాఠ్యపుస్తకాలకు సరిపోయే డిస్ట్రోను తామే తయారుచేసి బడులకు ఇస్తోంది. 2018 నుంచి 'లిటిల్ కైట్స్' పేరుతో పిల్లల క్లబ్బులు నడుస్తున్నాయి. ఇక కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ డెబియన్ ఆధారంగా బాస్ లైనక్స్‌ను తెచ్చింది 2007లో. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు, అంటే లైనక్స్ లాగా కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌కు, ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం విధానపత్రం ప్రకటించింది 2015లో. ఆడిట్ వారికి చూపించడానికి ఆధారం కావాలంటే ఆ విధానపత్రమే ఉంది. మండల స్థాయిలో పనిచేసే ప్రధానోపాధ్యాయురాలు దాన్ని వెతికి పట్టుకొని, తనంతట తాను అన్వయించుకొని, ధైర్యం చేయాలని ఆశించడం మాత్రం న్యాయం కాదు. పై నుంచి రావాలి.

తెలుగు సంగతి ప్రత్యేకంగా చెప్తాను, ఎందుకంటే దాదాపు ప్రతి ఉపాధ్యాయుడూ మొదట అడిగేది అదే. లైనక్స్‌లో తెలుగు చదవడానికి, రాయడానికి కొనాల్సిందేమీ లేదు. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతులను ఐబస్ అనే పరికరం ద్వారా చేర్చుకోవచ్చు. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ప్రశ్నపత్రం తయారుచేసి పీడీఎఫ్‌గా తీస్తే ఒత్తులు ఎక్కడివి అక్కడే ఉంటాయి. డెబియన్‌తో దొరికే తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు పోతన 2000. హనుమకొండకు దగ్గరలోనే, పాలకుర్తి మండలం బమ్మెరలో పుట్టిన కవి పేరుతో ఉన్న అక్షరాలు ప్రపంచంలో ఎవరి కంప్యూటర్‌లోకైనా ఉచితంగా చేరుతున్నాయి. ఆ ఊరి చుట్టుపక్కల బడుల్లోనే ఆ అక్షరాలు తెర మీద కనిపించకుండా గది తాళంలో ఉండటం నాకు మింగుడుపడదు. ఒక వసతి గృహం అమ్మాయి నా దుకాణంలో మొదటిసారి తెలుగులో టైపు చేసినప్పుడు తన పేరు రాయలేదు, వాళ్ల అమ్మ పేరు రాసింది. 'క్ష' ఎలా వస్తుందో తెలియక ఆగిపోయి, క తరవాత పొల్లు, ఆ తరవాత ష అని నేను చెప్పాక, రెండూ కలిసిపోయి ఒక అక్షరం కావడం చూసి ఆ ఒక్క అక్షరాన్నే నాలుగైదు సార్లు చెరిపి మళ్లీ మళ్లీ కొట్టింది. మనం పుస్తకంలో చెప్పే వత్తులు, గుణింతాల సంగతి ఆ పిల్లకు వేళ్లతో తెలిసింది.

అయితే ఈ తెలుగు విషయంలోనే ఒక ఇబ్బంది కూడా ఉంది. మన డీటీపీ సెంటర్లలో, కొన్ని కార్యాలయాల్లో ఇప్పటికీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పని జరుగుతోంది. అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతి కాదు, లైనక్స్‌లో అది నడవదు. కరపత్రాలు, పెళ్లి పత్రికలు వేసేవారిని మారమని నేను చెప్పను. అలాగే డిజిటల్ సంతకాల టోకెన్లతో బిల్లులు పెట్టే కంప్యూటర్‌ను, వేలిముద్ర యంత్రం తగిలించిన దాన్ని, ట్యాలీ నడిచే దాన్ని ముట్టుకోవద్దు. కొన్ని రకాల చిన్న లేజర్ ప్రింటర్లకు లైనక్స్‌లో సరైన డ్రైవర్ ఉండదు, వాటితో నేను రాత్రిళ్లు కూర్చుని ఓడిపోయిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి ప్రతి బడిలో కార్యాలయ పనికి ఒక్క కంప్యూటర్‌ను విండోస్‌తోనే, సక్రమమైన లైసెన్సుతో ఉంచి, పిల్లల గదిలోవి మాత్రమే మార్చాలని నా సూచన. యూడైస్‌లో బడి వివరాలు ఎక్కించడం లాంటి పనులు బ్రౌజర్‌లో జరిగేవే కాబట్టి వాటికి ఎక్కడైనా ఒకటే.

సక్రమమైన లైసెన్సు అన్నాను కాబట్టి మా వృత్తి గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. మన ఊళ్లలో 'ఫార్మాట్ కొట్టి విండోస్ వేయడం' అంటే చాలాసార్లు దొంగ కాపీ వేసి, దాన్ని నమ్మించే క్రాక్ ఒకటి నడపడమే. నేనూ ఎన్నో ఏళ్లు అదే చేశాను. ఆ క్రాక్ నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపాలి, అంటే తలుపు తెరిచిపెట్టి తాళం బిగించినట్టు. ప్రభుత్వ బడి కంప్యూటర్‌లో అలాంటిది ఉండకూడదు, పిల్లలకు మనం నేర్పే మొదటి పాఠం అది కాకూడదు. దాన్ని మానేయడానికి నాకు దొరికిన మార్గం లైనక్స్.

ఇక ట్యాబ్లెట్లు. 2020లో బడులు మూతబడి పాఠాలు టీవీలోకీ ఫోన్లలోకీ వచ్చినప్పుడు ఎన్నో కుటుంబాలు అప్పు చేసి చవక ట్యాబ్లెట్లు కొన్నాయి. అవి ఇప్పుడు అటకల మీద ఉన్నాయి. వాటిలో కూడా లైనక్స్ వేసి ఇవ్వమని అడుగుతారు, చాలావాటికి నేను వీలుకాదనే చెప్పాల్సి వస్తుంది. కారణం ఇది. మామూలు కంప్యూటర్ ఆన్ కాగానే తన లోపల ఏమేం భాగాలున్నాయో తానే ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పుకుంటుంది, అందుకే ఒకే పెన్‌డ్రైవ్ వంద రకాల ల్యాప్‌టాప్‌లలో నడుస్తుంది. చవక ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్ అలా చెప్పదు. దాని తెర ఏ తీగకు కలిసి ఉందో, టచ్ చిప్ ఏదో, ముందే రాసిపెట్టిన వివరాలు ఆ ఒక్క మోడల్ కోసం కావాలి. ఆ వివరాలు తయారీదారు బయటపెట్టరు, పైగా ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మేల్కొలిపే బూట్‌లోడర్‌కు తాళం వేసి అమ్ముతారు. 2017 నుంచి పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే ప్రయత్నం ఒక్కో మోడల్‌లో లైనక్స్ నడిచేలా చేస్తూ వస్తోంది, కానీ మన బజారులో దొరికే పేరులేని ట్యాబ్లెట్లు ఆ జాబితాలో అరుదు. 2011 అక్టోబరులో కేంద్రం ఆకాశ్ ట్యాబ్లెట్‌ను విడుదల చేసింది గుర్తుండే ఉంటుంది. దాని రెండో రూపంలో వాడిన ఆల్‌విన్నర్ చిప్ ఆన్ కాగానే లోపలి నిల్వ కన్నా ముందు మెమరీ కార్డును చూసేది. అందుకే ఐఐటీ బాంబేలో దాని మీద కార్డు నుంచి లైనక్స్ నడిపి చూపించగలిగారు. చవకగా ఉండటమే అడ్డంకి కాదని, తయారీదారు తలుపు తెరిచి ఉంచాడా లేదా అన్నదే ప్రశ్న అని దాన్నిబట్టి తెలుస్తుంది.

చవకవాటిలో నడిచే రకం ఒకటుంది. 2014 నుంచి 2016 దాకా ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్‌తో, విండోస్‌తో, విడదీసే కీబోర్డుతో పదివేల లోపు ధరకు వచ్చిన ట్యాబ్లెట్లు, చిన్న ల్యాప్‌టాప్‌లు. ములుగు వైపు నుంచి ఒకాయన అలాంటిదొకటి తువ్వాలులో చుట్టుకొని తెచ్చారు. "అన్నా, దీన్ని పడేయమంటే పడేస్త, నడుస్తదంటే బిడ్డకిస్త" అన్నారు. లోపల ఉన్నది 32 జీబీ నిల్వ, అదంతా విండోస్‌తోనే నిండిపోయి, కొత్త అప్‌డేట్ దించుకోవడానికి చోటు లేక నెలల తరబడి అక్కడే తిరుగుతోంది. దాని చిక్కు ఏమిటంటే, ప్రాసెసర్ 64 బిట్‌ది, దాన్ని మేల్కొలిపే యూఈఎఫ్‌ఐ మాత్రం 32 బిట్‌ది. మామూలు 64 బిట్ లైనక్స్ పెన్‌డ్రైవ్‌ను అది గుర్తించనే గుర్తించదు, నల్ల తెర చూసి చాలామంది ఇక కాదని వదిలేస్తారు. ఇలాంటి జోడీ కోసం డెబియన్ ఇన్‌స్టాలర్‌లో 2015 నుంచే ఏర్పాటు ఉంది. దానితో వేశాను. వైఫై వచ్చింది, దాని డ్రైవర్ 2017లోనే కెర్నల్‌లో చేరింది. టచ్ మాత్రం తలకిందులుగా వచ్చింది, వేలు పైకి జరిపితే బాణం కిందికి పోయేది. ఒక చిన్న సెట్టింగ్ ఫైలు రాసి సరిచేశాను. కెమెరా రాలేదు, రాదని ఆయనకు చెప్పే ఇచ్చాను. ఆ అమ్మాయి డిగ్రీ నోట్సు దానిలోనే టైపు చేసుకుంటోంది.

ఈ అనుభవంతో మీకు చెప్పదలచుకున్నది ఇది. ఇకపై బడులకు, వసతి గృహాలకు ఏ ట్యాబ్లెట్లు కొన్నా, టెండరు షరతుల్లో బూట్‌లోడర్ తాళం తీసుకొనే హక్కు కొన్నవారికి ఉండాలని, కీబోర్డు ఉండాలని, కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలని రాయండి. అదే డబ్బుకు ట్యాబ్లెట్ కన్నా కంపెనీల ఆఫీసుల కోసం తయారైన పాత ల్యాప్‌టాప్, బాగుచేసి లైనక్స్ వేసినది, పిల్లలకు ఎక్కువకాలం ఉపయోగపడుతుందని నా గట్టి నమ్మకం. ట్యాబ్లెట్‌లో చూడటం సులువు, రాయడం కష్టం. బడి పిల్లలకు కావాల్సింది రాయగలగడం.

రాతపూర్వక పద్ధతి ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం నా సొంత తప్పు. ఏడెనిమిదేళ్ల కిందట ఒక ఉపాధ్యాయుడి ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేస్తూ, డిస్కు మొత్తం చెరిపివేయి అన్నదాన్ని ఎంచుకున్నాను. ముఖ్యమైనవన్నీ తీసుకున్నాను అని ఆయన చెప్పారు, నేను మళ్లీ అడగలేదు. డి డ్రైవ్‌లో ఆయన తండ్రి ఆఖరి రోజుల ఫోటోలు ఉన్నాయి. తిరిగి తెచ్చే ప్రయత్నం ఎన్ని రోజులు చేసినా కొన్నే వచ్చాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి ఏ కంప్యూటర్‌నైనా ముట్టుకొనే ముందు యజమాని ముందే ప్రతి డ్రైవ్ తెరిచి చూపించి, కాపీ తీసి, కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నాను. బడుల్లోనూ ఇదే జరగాలి. ముందు లైవ్‌లో నడిపి వైఫై, ధ్వని, ప్రింటర్ వస్తున్నాయో లేదో రాసుకోవాలి. తరవాత లోపలి ఫైళ్లు వేరే డిస్కులోకి తీయాలి. ఆ తరవాతే ఎక్కించి, ఏ తేదీన ఎవరు ఏం వేశారో స్టాక్ రిజిస్టర్‌లో అదే నంబరు ఎదురుగా నమోదు చేయాలి. ఆ ఒక్క వరుస రాసుకొనే వీలుంటే ఆ ప్రధానోపాధ్యాయురాలి భయం తీరిపోయేది.

నిజంగానే కండెమ్ చేయాల్సినవి ఉంటే, వాటి డిస్కులను ముందు పూర్తిగా తుడిచేయించండి. ఫైలు డిలీట్ చేసినంత మాత్రాన పోదు. విద్యార్థుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న డిస్కులు పాత ఇనుప సామాను వ్యాపారుల చేతికి పోకూడదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని నమోదైన ఉత్పత్తిదారులకో, పునరుద్ధరణ సంస్థలకో, రీసైక్లర్లకో మాత్రమే ఇవ్వాలి.

చేయడానికి మనుషులు ఎవరన్న ప్రశ్న మీరు అడుగుతారు. 1959లో మొదలైన మన రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల, నేటి నిట్, కాజీపేట దగ్గరే ఉంది. కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. రోజూ లైనక్స్ మీద పాఠాలు నేర్చుకొనే వందలాది విద్యార్థులను ఇక్కడే పెట్టుకొని, పక్క మండలంలో లైనక్స్ వేసేవాళ్లు లేరనుకోవడం సంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెతికినట్టే. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని చేస్తోంది, వారి సలహా తీసుకోవచ్చు. ఏటా సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచమంతా సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే జరుపుతారు. ఆ రోజున జిల్లాకు ఐదు బడులు చాలు, ఒక్కో బడికి నలుగురు విద్యార్థులు, ఒక మరమ్మతుదారు వెళ్తే సాయంత్రానికి గది సిద్ధమవుతుంది. ఒకేసారి జిల్లా అంతా మొదలుపెట్టవద్దని మాత్రం వేడుకుంటున్నాను. మొదటి ఐదు బడుల్లో ఒక విద్యా సంవత్సరం నడిపి, ఏం చెడిందో, ఎవరికి ఏది తెలియలేదో చూశాక రెండో విడతకు వెళ్లడం మంచిది. ఆ ఏడాదంతా ఫోన్ ఎత్తి జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండాలి. "ఏమన్నా అయితే అప్పుడు మీరు ఉండరు కదా" అన్న మాటకు మనం ఇవ్వగల సమాధానం అదొక్కటే.

ఆ పనికి నేను సిద్ధంగా ఉన్నాను. శనివారాలు నా దుకాణం మూసి వస్తాను, కూలి అడగను. ఎస్‌ఎస్‌డీలు, బ్యాటరీలు నేను కొన్న ధరకే ఇస్తాను, బిల్లు చూపిస్తాను. నాతో పాటు వచ్చే మరమ్మతుదారులు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. మీరు ప్రొసీడింగ్స్ ఇచ్చిన మరుసటి శనివారం, మొదట ఆ ఉన్నత పాఠశాలకే వెళ్తాం. ఆ గదిలో గడియారం బ్యాటరీలు మార్చాల్సినవి ఎన్ని ఉన్నాయో నేను అప్పుడే రాసుకున్నాను, అవి తెచ్చి దుకాణంలో పెట్టాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మరమ్మతుదారు,
హనుమకొండ